సూరాయమ్మ ఇంటి తూకం పుస్తకం

రోజు 1
చేరినది: బియ్యం ఐదు కిలోలు. దిగినది: ఎండు నాచు పన్నెండు కిలోలు.

ఈరోజు నుంచి పుస్తకం నా చేతికి వచ్చింది. ఇన్నేళ్ళూ మా అత్తయ్య సూరాయమ్మగారు రాసేవారు. సముద్రంలో తేలే తెప్ప మీద ఇల్లన్నాక ఏ బరువు చేరిందో, ఏ బరువు దిగిందో రోజూ రాయాల్సిందే. సాయంత్రం పేజీ తెరిచి గోడకున్న గాజుకంటి యంత్రానికి చూపిస్తే, అది నూట ఎనభై ఇళ్ళ అంకెలూ కూడుకుని తెప్ప ఎటు ఒరుగుతుందో చెప్పేస్తుంది. అది అంకెలే చదువుతుందట, మాటల జోలికి పోదట. మా ఆయన తాతబాబు చెప్పారు.

అంటే మాటలు ఎన్ని రాసినా ఎవరూ చూడరన్నమాట! నేను బడిపడవలో అయిదో తరగతి దాకా చదివాను. పదిమందిలో నా నోరు పెగలదు. నీళ్ళ వరసలో ఎవరైనా "నూకరత్నం, బాగున్నావా" అంటే తల ఊపి బిందె వంక చూస్తాను. కానీ రాయమంటే రాస్తాను. ఇంత చోటు ఉంది కదా, రాయనా మరి!

అత్తయ్యగారి పాత పేజీలు తిరగేశాను. ఎక్కడా ఒక్క మాట ఎక్కువ లేదు. మా పెళ్ళి రోజున ఏం రాశారో చూసి నవ్వాగలేదు. "చేరినది: కోడలు, నలభై ఆరు కిలోలు." అంతే. ఆ పక్క గీతలో "ఉల్లిపాయలు, రెండు కిలోలు."

పుస్తకం నాకెందుకు ఇచ్చారంటే, పోయిన వారమంతా ఆవిడ ప్రతి గీత మీదా "బెల్లం" అని రాశారు. అన్నీ కూడితే మూడొందల కిలోల బెల్లం. మా ఇల్లు మునిగిపోతోందనుకుని గాజుకన్ను రెండు రోజులు గోల పెట్టింది. ఇంట్లో చూస్తే అరకిలో కూడా లేదు. ఉన్నది ఆవిడే తినేశారు.

రోజు 4
చేరినది: ఏమీ లేదు. దిగినది: నాచు ఎనిమిది కిలోలు.

మా డాబా మీద గంట ఉంది. దాని పక్కన గాజుకన్ను ఎర్రదీపం వెలిగించగానే అత్తయ్యగారు తాడు లాగాలి. ఒక దెబ్బ కొడితే జనంలో సగం మంది తూర్పుకి నడవాలి. రెండు కొడితే పడమరకి. పూర్వం సైరన్ పెట్టారట. రెండు నెలలకల్లా దాన్ని లెక్కచేసేవాడే లేకుండా పోయాడట. సూరాయమ్మ గంట కొడితే మాత్రం ఒంటికి సబ్బు రాసుకున్నవాళ్ళు కూడా లేచొస్తారు. ఇరవై రెండేళ్ళలో ఒక్క తప్పుడు గంట లేదు.

ఈ మధ్యాహ్నం కొట్టారు. దీపం వెలగలేదు. భోజనాల వేళ. జనం కంచాలతో సహా తూర్పుకి పరిగెత్తారు. ఒకాయన పప్పు గిన్నె నెత్తిన పెట్టుకున్నాడు. అత్తయ్యగారు పిట్టగోడ మీదకి వంగి పకపకా నవ్వుతున్నారు.

"చూడవే నూకా, ఆ పల్లాల్ని చూడు! పొట్ట ముందెళ్ళిపోతంది, మనిషి ఎనకాల వస్తన్నాడు!"

పల్లాలరావు గారు మా తెప్ప పెద్ద. ఆయన విన్నారు. నేను పమిట నోట్లో కుక్కుకున్నాను. పెళ్ళయి రెండేళ్ళయింది, ఆవిడ పళ్ళు చూడ్డం ఇదే మొదటిసారి. నవ్వితే ఎంత బాగుంటారో!

తర్వాత భయం వేసింది. మూడు తప్పుడు గంటలు కొడితే ఆ మనిషిని ఏడాది పాటు ఒంటరిగా గట్టుకి పంపేస్తారు. ఇంటివాళ్ళెవరూ వెంట వెళ్ళకూడదు. ఆ నియమం పెట్టింది అత్తయ్యగారే. వెనకటి గంట మనిషి తాగి కొట్టేవాడని.

పల్లాలరావు గారు పైకి వచ్చి మెల్లగా అన్నారు. "సూరాయమ్మక్కా, ఇది ఒకటి. రాసుకుంటున్నాను."

"రాసుకో. నీకు రాయడం వచ్చని ఈరోజే తెలిసింది" అన్నారు అత్తయ్యగారు.

రోజు 11
చేరినది: అత్తయ్యగారి కడుపులోకి జిలేబీ, నా అంచనా కిలోన్నర. దిగినది: పరువు. (దానికి అంకె లేదు.)

ఎదురింటి వాళ్ళ అమ్మాయి పెళ్ళి. పడమటి వాకిట్లో పందిరి. వంటల వాసన వస్తూనే ఉంది. నేను ఇంట్లో నాచు తిరగేస్తున్నాను. టంగ్ మని ఒక దెబ్బ. పెళ్ళివాళ్ళంతా తూర్పుకి పరుగు. పెళ్ళికొడుకు కూడా, పెళ్ళికూతురి కొంగు ముడితో సహా. నేను పైకి వెళ్ళి చూస్తే గంట దగ్గర ఎవరూ లేరు, తాడు ఊగుతోంది.

అత్తయ్యగారు ఖాళీ పందిట్లో జిలేబీల పళ్ళెం ముందు మఠం వేసుకుని కూర్చున్నారు. రెండు చేతులా తింటున్నారు. జనం తిరిగొచ్చి చుట్టూ నిలబడినా తలెత్తలేదు.

"పాకం పలచనైంది" అన్నారు. అంతే.

ఇది రెండోది. పల్లాలరావు గారు రాసుకున్నారు.

రాత్రి మా ఆయన అన్నారు. "మా అమ్మ కావాలనే చేస్తంది. తనకి అన్నీ గుర్తే. ఏ నెలలో ఎంత నాచు దిగిందో అడిగితే చెప్తంది. మతిమరుపు ఉంటే కదా జబ్బనుకోవడానికి? ఇది ఒట్టి పొగరు నూకా."

గుర్తుండడం నిజమే. అందుకే నాకూ అర్థం కావడం లేదు. మా అమ్మమ్మకి మతి పోయినప్పుడు మనుషుల పేర్లు పోయాయి. ఈవిడకి పేర్లన్నీ ఉన్నాయి. పోయింది ఇంకేదో.

రోజు 15
చేరినది: గాజుగుడ్డ, అయోడిన్, పావు కిలో. దిగినది: రక్తం.

మా ఆయన నాచు కోసే కత్తి అరచేతిలో దిగింది. చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. నేల మీద చుక్కలు. అత్తయ్యగారు గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉన్నారు. కొడుకు చేతి వంక చూశారు. మొహంలో ఏమీ మారలేదు.

"జరుగురా. నీ ఎనకాల బెల్లం డబ్బా ఉంది."

చిన్నప్పుడు ఆయనకి ముల్లు గుచ్చుకుంటే ఈవిడ నోటితో తీసేవారట. నాకు కట్టు కట్టడం చేతకాక, దారం పళ్ళతో కొరుకుతుంటే ఆయన ఏడ్చారు. నొప్పికి కాదు.

"పొగరు కాదు కదా నూకా?" అన్నారు.

కాదన్నట్టు తల ఊపాను.

రోజు 19
చేరినది: ఆరోగ్య పడవ నర్సమ్మ ఇచ్చిన కాగితం ముక్క. బరువు లేదు.

అత్తయ్యగారి తీరు చూసి నర్సమ్మ నా చేతిలో పెట్టి వెళ్ళింది, కాగితం మీద ఇంతే ఉంది. "తొమ్మిదో మీట. గురువారం మూడింటికి." మా ఇంటి వైర్‌లెస్ పెట్టెలో తొమ్మిదో మీట ఉందని కూడా నాకు తెలీదు. ఈరోజు గురువారం. నొక్కాను.

గుర్రుమంటూ ఒకావిడ గొంతు. ఒకటే నవ్వు. "...అప్పుడు మా ఆయన ఏం చేశాడనుకున్నారు? పాస్టర్ గారి టోపీ తీసి తన నెత్తిన పెట్టుకుని, 'ఇప్పుడు చెప్పు' అన్నాడు! నేను ఎటు చూడాలో తెలీక కిటికీ వంక చూసి పాట పాడాను!"

ఇంకో నలుగురు నవ్వారు. ఒక మగాయన, "మా ఆవిడ నయం దీవెనమ్మ గారూ, టోపీల జోలికి పోదు, తవుడే తింటంది" అన్నాడు. మళ్ళీ నవ్వు. మధ్యలో ఒకావిడ ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. ఏడవనిచ్చి, తర్వాత ఏం వండిందో అడిగారు.

"కొత్తగా ఎవరో చేరినట్టున్నారు. ఎవరమ్మా?" అంది ఆ దీవెనమ్మ గారు.

మీట పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"మాట్లాడక్కర్లేదు తల్లీ. ఉన్నావని తెలియడానికి మీట రెండుసార్లు నొక్కు, చాలు."

టిక్ టిక్.

"అద్దీ! ఉన్నావు. ఉండు."

గంట సేపు విన్నాను. ప్రతి తెప్ప మీదా ఇలాంటివాళ్ళు ఇంతమంది ఉన్నారు! ఒకరి మొగుడు పక్కింటి కంచంలోది తింటాడు. ఒకరి అక్క బజార్లో ముక్కూమొహం తెలీనివాళ్ళ బుగ్గలు గిల్లుతుంది. ఒకాయన రోజూ ఒకే దారిలో పదకొండు సార్లు నడుస్తాడు. అందరూ మా అత్తయ్యగారే! నాకు గంతులేయాలనిపించింది. ఇది ఆనందించే విషయమా? కాదు. అయినా గంతులేశాను, పెట్టె ఆపాక.

రోజు 27
దిగినది: మేము ముగ్గురం, నూట డెబ్భై రెండు కిలోలు, పగలంతా. చేరినది: మేమే, పళ్ళెం ఇడ్లీలతో కలిపి.

గట్టు మీద ఆసుపత్రికి వెళ్ళొచ్చాం. అత్తయ్యగారి మెదడు ఫొటో తీశారు. తీసేటప్పుడు కదలకుండా పడుకోమంటే, "బిళ్ళ ఇస్తేనే" అన్నారు. చప్పరించే బిళ్ళలు నాలుగిచ్చారు.

డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి ఫొటో చూపించింది. నుదుటి వెనకా, కణతల పక్కా మెదడు కుంచించుకుపోయింది. జబ్బు పేరు ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియా. నేను మూడుసార్లు పలికి ఇక్కడ రాసుకున్నాను.

"మతిమరుపుతో మొదలయ్యే జబ్బు కాదిది" అంది డాక్టరమ్మ. "జ్ఞాపకాలు చాన్నాళ్ళు బాగానే ఉంటాయి. ముందు పోయేది అడ్డుకట్ట. చెయ్యకూడదని మనల్ని ఆపే భాగం అది. ఎదుటివాళ్ళ బాధ మనకి తగిలేలా చేసేది కూడా అక్కడే. తీపి మీద పిచ్చి, చేసిందే చెయ్యడం, అన్నీ ఈ జబ్బులోవే. ఆవిడ కావాలని చెయ్యడం లేదు. తనకి జబ్బుందని కూడా ఆవిడకి తెలీదు."

"మందు?" అన్నారు మా ఆయన.

"ఆపే మందు ఇంకా లేదు బాబూ. మెల్లగా పెరుగుతుంది. ముందు ముందు మాట తగ్గొచ్చు. వాదించకండి, గెలవలేరు. రోజూ ఒకే వేళకి ఒకే పని పెట్టండి. తీపి కంటికి కనపడనివ్వకండి. అన్నిటికన్నా ముఖ్యం, ఈ అమ్మాయి ఒక్కతే మొయ్యకూడదు. వారంలో కొన్ని గంటలు ఈమెకి సెలవుండాలి."

మా ఆయన నా వంక చూశారు. నాకు సెలవు! బడి మానేశాక ఆ మాట విన్నది ఇప్పుడే.

"ఈ మార్పులు ఎప్పుడు మొదలయ్యాయో ఎవరైనా రాసి పెట్టారా?" అని అడిగింది డాక్టరమ్మ. నేను పుస్తకం తీశాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివింది. చదువుతూ చదువుతూ "పొట్ట ముందెళ్ళిపోతంది" దగ్గర దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకుంది.

రోజు 30
చేరినది: అట్టముక్కలు, నలభై, వంద గ్రాములు.

దీవెనమ్మ గారు నర్సమ్మ చేతికిచ్చి పంపించారు. ఒక్కో ముక్క మీద ఇలా ఉంది. "ఈ మనిషికి మెదడుకు సంబంధించిన జబ్బు ఉంది. ఏమన్నా, ఏం చేసినా కోపగించుకోకండి." బయట ఏదైనా జరిగితే మాట్లాడకుండా చేతిలో పెడితే చాలట. నాలాంటిదాని కోసమే చేసినట్టు లేదూ!

మధ్యాహ్నం చూస్తే డబ్బా ఖాళీ. అత్తయ్యగారు అందరికీ పంచి వచ్చారు. ఊళ్ళో నలభై మంది చేతుల్లో నలభై ముక్కలు. పల్లాలరావు గారు తన ముక్కని జేబుకి పిన్ను పెట్టుకుని తిరుగుతున్నారు. ఇదేదో ఆరోగ్య పడవ వాళ్ళ గుర్తింపు కార్డు అనుకున్నారట, అద్దాలు లేక. సాయంత్రం దాకా ఎవరూ ఆయన మీద కోపగించుకోలేదు.

రోజు 33
చేరినది: ఏమీ లేదు. దిగినది: ఏమీ లేదు. చేసినది: ఒక దొంగపని.

అత్తయ్యగారు రోజూ పదింటికోసారి, రెండింటికోసారి గంట తాడు లాగడానికి మేడెక్కుతున్నారు. గడియారం తప్పినా ఆవిడ తప్పరు. నేను ముందే వెళ్ళి తాడు పట్టుకుని, "అత్తయ్యగారూ, మీ జడ వేస్తాను రండి" అని దింపుతున్నాను. ఎన్నాళ్ళు? ఇంకొక్కటి మోగితే గట్టే. అక్కడ ఈవిడ జడ ఎవరు వేస్తారు? బెల్లం డబ్బా ఎవరు దాస్తారు? "ఉన్నావా" అని ఎవరు అడుగుతారు?

పల్లాలరావు గారికి జబ్బు సంగతి చెప్పాలి. నాలుగుసార్లు ఆయన గుమ్మం దాకా వెళ్ళాను. నాలుగుసార్లూ ఆయన పెళ్ళాన్ని కాస్త ఉప్పు అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లో ఉప్పు చాలా ఉంది. మా ఆయనకేమో గంట పని పోతే దానితో ఇచ్చిన ఇల్లూ పోతుందని బెంగ. "కొంచెం ఆగుదాం నూకా" అంటారు.

అందుకని నా పాత లంగా చింపి గంట నాలుకకి గట్టిగా చుట్టాను. ఈరోజు పదింటికి ఆవిడ లాగారు. దబ్ మంది, దిండు మీద కొట్టినట్టు. ఆవిడ హాయిగా దిగొచ్చేశారు! మోతతో పని లేదు, లాగడమే కావాలి. ఎర్రదీపం వెలిగితే నేను పరిగెత్తి గుడ్డ విప్పేస్తాను. ఎంత తెలివైనదాన్నో!

రోజు 41
చేరినది, దిగినది: ఏం రాయను? అన్నీ చేరాయి, అన్నీ దిగాయి.

నవ్వొస్తోంది, ఆగడం లేదు.

పొద్దున నీళ్ళ పడవ వచ్చింది. పడమటి రేవులో ఆగింది. వారం తర్వాత వచ్చిందేమో, తెప్పంతా డబ్బాలతో, బిందెలతో పడమరకే చేరింది. నీళ్ళు కూడా అటువైపు ట్యాంకులోకే పడుతున్నాయి. అత్తయ్యగారు కూడా అక్కడే. పడవవాడి టీలో చక్కెర ఎంత వేశాడో చూడ్డానికి వెళ్ళారు.

నేను డాబా మీద నాచు ఆరేస్తున్నాను. ఎర్రదీపం వెలిగింది.

గంట దగ్గరకి పరిగెత్తాను. ముడి విప్పబోతే రాలేదు. ఎనిమిది రోజుల ఉప్పుగాలికి గుడ్డ బిగుసుకుని కర్రలా అయిపోయింది. గోళ్ళు విరిగాయి. పళ్ళతో కొరికాను. కత్తి కింద వంటింట్లో ఉంది. కాళ్ళ కింద నేల పడమరకి జారుతోంది. నాచు బుట్ట దానంతట అదే గోడ వైపు నడుచుకుంటూ పోయింది. తాడు లాగాను. దబ్. ఒక్క తల కూడా తిరగలేదు.

అప్పుడు ఏమైందో నాకే తెలీదు. పిట్టగోడ ఎక్కాను. నోరు తెరిచాను.

"తూర్పుకి! తూర్పుకి నడవండీ! అందరూ తూర్పుకీ!"

ఆ గొంతు నాదేనా అని వెనక్కి తిరిగి చూశాను. కింద జనం కూడా అలాగే చూశారు. "ఎవరిదిరా ఆ గొంతు?" "సూరాయమ్మ కోడలికి మాటలొచ్చా?" అంటూ డబ్బాలు పట్టుకుని నిలబడే ఉన్నారు. గంట మోగలేదుగా మరి, గంట మోగకపోతే మా తెప్ప మీద ఎవరూ కదలరు.

కదిలింది ఒక్క మనిషి. అత్తయ్యగారు. "తూర్పుకి" అని వినపడగానే టీ గ్లాసు పడవవాడి చేతిలో పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని, ఇరవై రెండేళ్ళ అలవాటుతో తూర్పుకి తిరిగారు. తిరుగుతూనే మొదలెట్టారు.

"ఏం చూస్తన్నార్రా చచ్చుమొహాలూ! పిల్ల గొంతు చించుకుంటంది, ఇనపళ్ళేదా? ఒరే పల్లాలూ, ఆ పొట్ట ముందు ఇటు పంపు, నువ్వు తర్వాత రావచ్చు! కాంతమ్మా, నీ మొగుడెలాగూ నీ ఎనకాల రాడు, నువ్వు కదులు! ఆ పెళ్ళికొడుకెక్కడ? వచ్చాడా? పరుగు బాగా నేర్చుకున్నాడు, ఇటు రా!"

నేను మీద నించి అరుస్తుంటే, ఆవిడ కింద నించి తిడుతున్నారు. తిట్లకి కదిలారు జనం! కొందరు కోపంతో, కొందరు నవ్వాపుకోలేక, అందరూ పరుగే. నలభై డబ్బాలు పడమరకి దొర్లుతుంటే ఆరొందల మంది తూర్పుకి. రెండు మేకలు ఎటు పోవాలో తెలీక మధ్యలో పడుకున్నాయి. పల్లాలరావు గారి కుర్చీ ఒక్కటే సముద్రంలోకి వెళ్ళిపోయింది, ఎవరూ కూర్చోకుండానే.

నేల సమానమైంది. ఎర్రదీపం ఆరింది. నేను గోడ మీద అలాగే నిలబడి, "చాలు! చాలు!" అని ఇంకా అరుస్తూనే ఉన్నాను.

రోజు 42
చేరినది: ఏమీ లేదు. దిగినది: నా గొంతు, పూర్తిగా.

పంచాయితీ పెట్టారు. మోగాల్సినప్పుడు మోగకపోవడం కూడా తప్పుడు గంటే, ఇది మూడోది అన్నారు. ఎవరిదని అడిగారు. మా ఆయన లేచి జబ్బు పేరు చెప్పబోయి సగంలో తడబడ్డారు. అత్తయ్యగారు ముందు వరసలో కూర్చుని పల్లాలరావు గారి జేబులో ఏముందో వెతుకుతున్నారు.

నాదే తప్పని చెప్పడానికి లేచాను. చెప్పేద్దామనే లేచాను, నిజం. నోరు తెరిస్తే గాలి తప్ప ఏం రాలేదు. నిన్నటి అరుపులకి గొంతు పోయింది. ఇన్నేళ్ళకి మాట్లాడదామనుకుంటే!

సంచిలోంచి ఈ పుస్తకం తీసి ఆయన చేతిలో పెట్టాను. పెట్టాక గుర్తొచ్చింది, ఇందులో ఏమేం రాశానో. లాక్కోబోయాను. ఆయన అప్పటికే అద్దాలు పెట్టుకున్నారు. పైకి చదవడం మొదలెట్టారు, మొదటి రోజు నించి.

"పొట్ట ముందెళ్ళిపోతంది" దగ్గర ఆగారు. ఆయన కిందికి చూసుకుని, "అలా వెళ్ళిపోతందా?" అన్నారు. "ఆయ్, వెళ్ళిపోతందండి" అని వెనక నించి ఎవరో అన్నారు. ఇంక ఆగలేదు నవ్వులు. నేను మోకాళ్ళలో తల దూర్చేశాను. అట్టముక్క సంగతి చదువుతూ ఆయన జేబు వంక చూసుకున్నారు. అది ఇంకా అక్కడే ఉంది.

పదిహేనో రోజు చదివేటప్పుడు మాత్రం ఆయన గొంతు తగ్గింది. బెల్లం డబ్బా మాట దగ్గర నవ్వులన్నీ ఆగిపోయాయి. గుడ్డ చుట్టిన రోజు చదివి, నాలుగుసార్లు నేను ఉప్పు అడిగిన సంగతి చదివి, పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఇది జబ్బని మాకు తెలీదమ్మాయ్. మదమనుకున్నాం" అన్నారు. చాలాసేపు గడ్డం గోక్కున్నారు. "ఒక ఇంటి మీద బరువు మించితే ఏం చేస్తాం? ఎవరైనా చెప్పండి."

"పక్కిళ్ళకి సర్దుతాం" అన్నారు నలుగురు. తెప్ప మీద చిన్నపిల్లలకి కూడా తెలుసది. బియ్యం ఎక్కువైనా, చుట్టాలు ఎక్కువైనా సర్దాల్సిందే.

"అయితే సూరాయమ్మక్క గట్టుకి వెళ్ళదు. రోజుకో గంట సేపు, వరసగా ఒక్కో ఇంటికి వస్తది. ఆ గంట ఆ ఇంటివాళ్ళే చూసుకోవాలి. తీపి దాచుకోండి. ఏమన్నా పడండి. డాబా మీది గంట ఇక కోడలికి. మోగినా మోగకపోయినా ఆ గొంతు చాలు మనకి."

నాకు రోజూ గంట సెలవు! అరుద్దామనుకున్నాను. గాలే వచ్చింది.

"నాకు కొత్త కుర్చీ ఎవరు చేస్తారు?" అన్నారు పల్లాలరావు గారు.

"ఎందుకు, పొట్ట మీద కూర్చో" అన్నారు అత్తయ్యగారు, ఆయన జేబులో దొరికిన పిప్పరమెంటు చప్పరిస్తూ.

రోజు 61
దిగినది: అత్తయ్యగారు, అరవై ఒక్క కిలోలు, మూడింటి దాకా. చేరినది: అత్తయ్యగారు, అరవై ఒకటిన్నర. ఎక్కడో తీపి దొరికింది.

ఇప్పటికి పద్దెనిమిది ఇళ్ళ పుస్తకాల్లో ఆవిడ ఉన్నారు. నీళ్ళ వరసలో అందరూ చదివి వినిపించుకుంటున్నారు. "చేరినది: సూరాయమ్మ, గంట సేపు. మా మరదలి ముక్కు గురించి నిజం చెప్పింది." "చేరినది: సూరాయమ్మ. దిగినది: హల్వా మొత్తం." నేను మొదలెట్టిన వ్యాధి ఊరందరికీ అంటుకుంది, పుస్తకాల్లో మాటలు రాయడం.

పదింటికీ రెండింటికీ లాగడానికి ఆవిడకి వేరే తాడు కట్టాను. దాని చివర నా లంగా గుడ్డ ముద్ద. దబ్ మంటుంది. ఆవిడకి చాలు.

మాటలు కొంచెం తగ్గాయి. ఈ వారం "చక్కెర" అనే మాట దొరక్క, "తెల్లది, తెల్లది" అన్నారు. మా ఆయన రోజూ పొద్దున ఆవిడ పక్కన కూర్చుంటున్నారు. గాయం మానిన అరచెయ్యి ఆవిడ ముందు పెడతారు. ఆవిడ చూడరు. ఆయన పెడుతూనే ఉన్నారు.

ఈరోజు గురువారం. మూడింటికి తొమ్మిదో మీట నొక్కి, "ఏడో తెప్ప నించి నూకరత్నాన్ని. మా అత్తయ్యగారు ఈ వారం ఏం చేశారంటే..." అని నేనే ముందు మొదలెట్టాను. దీవెనమ్మ గారు మధ్యలో ఆపారు.

"ఆగు బంగారం. కొత్తగా ఎవరో వచ్చినట్టుంది. ఎవరమ్మా?"

ఏం వినపడలేదు. గుర్రుమనే శబ్దం, ఎవరో ఊపిరి పీల్చుకోవడం. నాకు ఆ ఊపిరి తెలుసు, మొదటి గురువారం నాదీ అంతే.

"మాట్లాడక్కర్లేదండి" అన్నాను నేను. "రెండుసార్లు నొక్కండి, చాలు."

చాలాసేపటికి, టిక్ టిక్.

ఇంకా ఏదో చెబుదామనుకునేలోపు అత్తయ్యగారు వెనక నించి వచ్చి నా చేతిలో పెట్టె లాగేసుకున్నారు. తన నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా అడిగారు.

"ఎవరే నువ్వు? తెల్లది ఉందా మీ ఇంట్లో?"

అటువైపు నవ్వు. ముందు చిన్నగా, నోట్లో కొంగు కుక్కుకున్నట్టు. తర్వాత ఆపుకోలేక.

"ఉందండి" అంది ఆ గొంతు. "దాచానండి."